స్నో పడే ఊళ్లో ఏ కారు కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లోనో ఫ్లోరిడాలోనో ఎంఎస్ చేసి మిషిగన్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లు, ఆగస్టులో బఫెలోలోనో చికాగోలోనో టొరంటోలోనో దిగినవాళ్లు ఏటా ఇవే డౌట్లు అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ప్రతి ప్రశ్నకీ జవాబు విడిగా ఉంటుంది, మీకు కావాల్సిన ప్రశ్నకి నేరుగా వెళ్లిపోండి. ధరలు అమెరికన్ డాలర్లలో, ఉజ్జాయింపుగా.

## కార్లు చూడటం మొదలుపెట్టకముందు

ఆల్ వీల్ డ్రైవ్ లేకపోతే స్నోలో కారు నడవదా?

నడుస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇంజిన్ నాలుగు చక్రాలనీ తిప్పడం, ఫ్రంట్ వీల్ డ్రైవ్ అంటే ముందు రెండిటినే తిప్పడం. డెట్రాయిట్ చుట్టుపక్కల ఏ ఆఫీసు పార్కింగ్‌లో చూసినా మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కరోలాలు, సివిక్‌లు బోలెడు కనిపిస్తాయి, అవన్నీ జనవరిలో కూడా రోజూ వచ్చి వెళ్లేవే. వాటిలో ఇంజిన్ బరువు తిరిగే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి పట్టు ఫర్వాలేదు.

ఆల్ వీల్ డ్రైవ్ చేసేది ఒక్కటే, ఆగి ఉన్న కారుని ముందుకి లాగడం. ఎత్తుగా ఉన్న డ్రైవ్‌వేలో, ఇంకా ప్లో (స్నోని పక్కకి తోసే బండి) తిరగని వీధిలో అది నిజంగా పనికొస్తుంది. కానీ బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి, ఆగడంలో ఆల్ వీల్ డ్రైవ్ వల్ల అదనంగా వచ్చేదేమీ లేదు. ఆపేది టైర్లు. అరిగిన టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ స్నోలో జోరుగా బయల్దేరుతుంది, ఎక్కడా జారదు, నడిపేవాడికి ధైర్యం వచ్చేస్తుంది, తీరా సిగ్నల్ దగ్గర ఆగదు. హైవే పక్క గుంటల్లో పెద్ద పెద్ద ఎస్‌యూవీలు కనిపించేది అందుకే.

కొండ మీద ఇల్లు, పల్లెటూరి రోడ్డు, ప్లో రాకముందే తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లాల్సిన హాస్పిటల్ ఉద్యోగం, వీటిలో ఏదైనా ఉంటే మాత్రం ఆల్ వీల్ డ్రైవ్‌కి డబ్బు పెట్టండి.

నా బడ్జెట్ పది వేల డాలర్లు. మొత్తం కారు మీదే పెట్టెయ్యనా?

వద్దు. ఎనిమిదిన్నర వేల కారు చూసుకోండి. మిగిలినదాంట్లో మంచి వింటర్ టైర్లు నాలుగు, అవసరమైతే కొత్త బ్యాటరీ, కొనేముందు మెకానిక్ ఫీజు వస్తాయి. ఇన్సూరెన్స్ కోట్ కూడా ముందే తీసుకోండి, ముఖ్యంగా మిషిగన్ వెళ్లేవాళ్లు, అక్కడి ప్రీమియం చూసి గుండె ఆగినంత పనవుతుంది.

చికాగో, మినియాపొలిస్, బఫెలో అన్నీ చలి ఊళ్లే కదా, ఎక్కడైనా ఒకే కారు సరిపోతుందా?

చలి ఊళ్లే, కానీ బాధలు వేరు. ఏడాదికి సగటున పడే స్నో చికాగోలో దాదాపు 38 అంగుళాలు, డెట్రాయిట్‌లో 45, మినియాపొలిస్‌లో 51, బఫెలోలో 95. సిరక్యూస్‌లో అయితే 120 దాటుతుంది.

బఫెలోలో అంత పడటానికి కారణం ఈరీ సరస్సు. ఇంకా గడ్డకట్టని నీటి మీదుగా చల్లగాలి వీస్తూ తేమని ఎత్తుకొచ్చి ఒడ్డున కుమ్మరిస్తుంది. అది కూడా సన్నటి పట్టీలా, ఊళ్లో ఒక వైపు నడుములోతు, ఇంకోవైపు ఎండ. 2022 నవంబర్‌లో బఫెలో పక్కనే ఉన్న ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్‌ల మీద ఒక్క తుఫానులోనే 80 అంగుళాల దాకా పడింది. అలాంటి చోట కారు ఎత్తు, ఆల్ వీల్ డ్రైవ్ రెండూ లెక్కలోకొస్తాయి. మినియాపొలిస్‌లో అసలు బాధ స్నో కంటే చలి, మైనస్ 20 ఫారెన్‌హీట్‌కి పడిపోయిన పొద్దున స్టార్ట్ అయ్యే బ్యాటరీ కావాలి. చికాగోలో ప్లోలు త్వరగానే తిరుగుతాయి, వీధిలో పార్క్ చేసేవాళ్లకే కష్టం, ప్లో తోసిన స్నో అంతా గోడలా మీ కారు పక్కన పేరుకుంటుంది.

కాబట్టి కారు కంటే ముందు అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో అడగండి: పార్కింగ్ గ్యారేజా, ఆరుబయటా? లాట్‌లో స్నో ఎన్ని గంటలకి తీస్తారు?

డల్లాస్ నుంచి డెట్రాయిట్ మారుతున్నా. ఉన్న కారు తీసుకెళ్లనా, అమ్మేసి అక్కడ కొనుక్కోనా?

కండిషన్‌లో ఉన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే తీసుకెళ్లండి. టెక్సస్‌లో తిరిగిన కారు అడుగు భాగం శుభ్రంగా ఉంటుంది, అంత వయసున్న మిషిగన్ కారులో అది దొరకడం కష్టం.

బయల్దేరేముందు రెండు ద్రవాలు చూసుకోండి. టెక్సస్‌లో పోసే వాషర్ ఫ్లూయిడ్ పురుగుల మరకలు పోవడానికి పనికొస్తుంది గానీ ఉత్తరాన గడ్డకట్టి పైపులు పగలగొడుతుంది. అది ఖాళీ చేసి, సీసా మీద మైనస్ 20 అని రాసి ఉన్నది పోయండి. ఎండాకాలంలో ఎవరైనా రేడియేటర్‌లో ఉత్త నీళ్లు కలిపి ఉంటే కూలంట్ పలచబడి ఉంటుంది, షాప్‌లో టెస్ట్ చేయించండి. సగం సగం కలిపిన కూలంట్ దాదాపు మైనస్ 34 ఫారెన్‌హీట్ దాకా తట్టుకుంటుంది.

టెస్లా లాంటి ఎలక్ట్రిక్ కారు చలికి పనికిరాదంటారు, నిజమేనా?

నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు పదికి తొమ్మిది ఎలక్ట్రిక్‌వే, వాళ్లకి లేని చలి మనకేం లేదు. రేంజ్ తగ్గే మాట మాత్రం నిజం. అమెరికాలో వాహనదారుల సంఘమైన ఏఏఏ 2019లో చేసిన పరీక్షల్లో 20 ఫారెన్‌హీట్ దగ్గర హీటర్ వేసుకుని నడిపితే సగటున 41 శాతం తగ్గింది. తక్కువ కరెంటుతో కారుని వేడి చేసే హీట్ పంప్ ఉన్నవాటికి దెబ్బ కొంచెం తక్కువ. టెస్లాలో మోడల్ వై కి మొదటి నుంచీ, మోడల్ 3 కి 2021 నుంచీ హీట్ పంప్ ఉంది.

ఇంట్లో చార్జర్ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఉంటే ప్లగ్‌లో ఉండగానే కారుని, బ్యాటరీని వేడి చేసుకుని బయల్దేరొచ్చు, హాయి. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ బయటి స్టేషన్ల మీదే ఆధారపడితే 2024 జనవరిలో చికాగోలో జరిగింది గుర్తుంచుకోండి. బ్యాటరీలు చల్లబడిపోయి చార్జ్ ఎక్కక స్టేషన్ల దగ్గర గంటల తరబడి క్యూలు, కొన్ని కార్లని టో చేయాల్సొచ్చింది. ఇంట్లో ప్లగ్ లేకపోతే మొదటి రెండు చలికాలాలు హైబ్రిడ్‌తో కానివ్వమంటాను.

## వెతికేటప్పుడు

ఊరికే తిప్పకుండా మోడల్స్ పేర్లు చెప్పండి.

తక్కువ బడ్జెట్, మామూలు సిటీ రోడ్లు: కరోలా, సివిక్, మజ్దా 3, ఫ్రంట్ వీల్ డ్రైవ్, మంచి వింటర్ టైర్లతో. నన్నడిగితే సింగిల్‌గా ఉండి ఆఫీసుకి వెళ్లొచ్చేవాడికి ఇంతకంటే అక్కర్లేదు.

ఆల్ వీల్ డ్రైవ్ కావాలంటే సుబారు ముందు చూడండి, స్పోర్ట్స్ కారైన బీఆర్‌జెడ్ లాంటివి తప్ప అమెరికాలో వాళ్లమ్మే కార్లలో దాదాపు అన్నిటికీ అది స్టాండర్డ్. ఇంప్రెజా చవకలో దొరుకుతుంది, క్రాస్‌ట్రెక్, ఫారెస్టర్ ఎత్తు ఎక్కువ. రావ్4, సీఆర్-వి, సీఎక్స్-5 కూడా మంచివే గానీ ఇక్కడో మెలిక ఉంది. ఇవి ఆల్ వీల్ డ్రైవ్ లేకుండా కూడా వస్తాయి, టెక్సస్, కాలిఫోర్నియా నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్‌వి చాలావరకు అవే. సీఎక్స్-5 కి 2022 మోడల్ నుంచి స్టాండర్డ్ చేశారు. మిగతావాటికి వెనక బ్యాడ్జ్ చూడండి, నమ్మకం లేకపోతే విన్ నంబర్ (ఒక్కో కారుకి విడిగా ఉండే గుర్తింపు నంబర్) ఆన్‌లైన్‌లో కొట్టి చూడండి. ఎస్‌యూవీ ఆకారం చూసి ఆల్ వీల్ డ్రైవ్ అనుకుని కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తుంటారు, పిల్లలున్నారు అంటే సియెన్నా ఆల్ వీల్ డ్రైవ్‌తో దొరుకుతుంది.

గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత ఉంటే నయం?

ప్లో తిరిగే ఊరైతే సెడాన్ అడుగుకీ నేలకీ మధ్య ఉండే ఐదు, ఐదున్నర అంగుళాలు చాలు. స్నో లోతు దాన్ని దాటితే కారు కడుపు స్నో మీద ఆనుకుని చక్రాలు గాల్లో తిరుగుతాయి, అప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా ఏమీ చేయలేదు. క్రాస్‌ట్రెక్, ఫారెస్టర్, ఔట్‌బ్యాక్‌లకి 8.7 అంగుళాలు. సరస్సుల పక్క ఊళ్లకి అది సరైన ఎత్తు.

ఎంత పాత కారు వరకు ఫర్వాలేదు?

2012 మోడల్ లేదా ఆ తర్వాతది. అమెరికాలో ఆ మోడల్ ఇయర్ నుంచి అన్ని కార్లకీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి అయింది. మలుపులో కారు తిరిగిపోతుంటే అదే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి లైన్‌లోకి తెస్తుంది. స్నో డ్రైవింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి సన్‌రూఫ్, తోలు సీట్ల కంటే వంద రెట్లు ముఖ్యం.

మస్టాంగ్ చాలా చీప్‌గా వస్తోంది, తీసుకోవచ్చా?

రెండో కారుగా, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా అయితే తీసుకోండి. వెనక చక్రాలు తోసే కారు, బరువు ఎక్కువభాగం ముందు, పైగా కొన్నిటికి సమ్మర్ టైర్లుంటాయి. ఆ రబ్బరు గడ్డకట్టే చలిలో రాయిలా అయిపోయి పగుళ్లు కూడా రావచ్చు. నవంబర్‌లో ఇంత చీప్‌గా ఎందుకు అమ్ముతున్నాడో అమ్మేవాడికి తెలుసు.

ఏ ఫీచర్లకి డబ్బు పెట్టొచ్చు, ఏవి వదిలెయ్యొచ్చు?

రిమోట్ స్టార్ట్, హీటెడ్ సీట్లు, హీటెడ్ అద్దాలు, ఈ మూడూ రోజూ వాడతారు. స్టీరింగ్ కూడా వేడెక్కితే అదృష్టం. రిమోట్ స్టార్ట్ మూసిన గ్యారేజ్‌లో మాత్రం వాడకండి, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది.

19, 20 అంగుళాల అలాయ్ వీల్స్ వద్దు. ఆ సైజు వింటర్ టైర్లు ఖరీదెక్కువ, పైగా మార్చి వచ్చేసరికి రోడ్ల నిండా గుంతలే, సన్నటి టైరు పగిలి రిమ్ము వంగిపోతుంది. అదే కారు కింది ట్రిమ్‌లో, అంటే తక్కువ ధర వెర్షన్‌లో, 16, 17 అంగుళాలతో దొరుకుతుంది.

## కారు చూడ్డానికి వెళ్లినప్పుడు

తుప్పు చూడమంటారు, ఎక్కడ చూడాలి?

కింద. పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు అడుగున అంటుకుని ఏళ్ల తరబడి తినేస్తాయి. పాత బట్టలు వేసుకుని వెళ్లండి, నేల మీద పడుకుని ఫోన్ టార్చ్ వేయండి.

తలుపుల కింద పొడవుగా ఉండే రాకర్ ప్యానెల్, వెనక చక్రాల పైన వంపు లోపలి అంచు వేలితో తడమండి. ఉబ్బుగా తగిలితే లోపల తుప్పు మొదలైనట్టే. తర్వాత వెనక సస్పెన్షన్ బిగించిన సబ్‌ఫ్రేమ్. గోధుమ రంగు పొడిలా పైపైన ఉంటే ఫర్వాలేదు, పదేళ్ల ఒహాయో కారుకి అది మామూలే. పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటే, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంటే లేచి దులుపుకుని వచ్చేయండి. బ్రేక్ పైపులు, అంటే పెన్సిల్ కంటే సన్నగా కారు పొడవునా వెళ్లే లోహపు గొట్టాలు, బాగా తుప్పు పట్టి ఉంటే ఏదో ఒకరోజు పగిలి పెడల్ నేలకి అంటుకుపోతుంది. అడుగంతా నిన్న వేసినట్టు నల్లటి కోటింగ్ ఉంటే కూడా అనుమానించండి, కింద ఏం దాచారో కనిపించదు.

ఫ్లోరిడా కారు, తుప్పు చుక్క లేదు. కళ్లు మూసుకుని కొనేయొచ్చా?

కళ్లు తెరిచే కొనండి. హరికేన్ నీళ్లలో మునిగిన కార్లు కడిగి తుడిచి దూరపు రాష్ట్రాల్లో అమ్ముతుంటారు. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, మునిగిన కారైతే బెల్ట్ అడుగు భాగంలో బురద చార దొరుకుతుంది. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంట చూడండి, సీట్ల కింద బోల్టులు చూడండి. తలుపు తీయగానే ఎయిర్ ఫ్రెషనర్ గుప్పున కొడితే ఇంకాస్త జాగ్రత్త. కారు పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్ట్ శుభ్రంగా ఉందన్నది ఒక్కటే చాలదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయని కారు అందులోకి ఎక్కకపోవచ్చు.

వాట్సాప్ గ్రూప్‌లో మన తెలుగువాళ్లే అమ్ముతున్నారు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తానంటే ఏమనుకుంటారో!

ఏమనుకున్నా అడగండి. "అన్నా, కారు నచ్చింది, ఒకసారి షాప్‌లో లిఫ్ట్ ఎక్కించి చూపించుకుంటాను, ఖర్చు నాదే" అంటే చాలు. ఖర్చు వందా రెండొందలు. మంచి కారైతే అన్న సరే అంటాడు. "మనలో మనకెందుకు తమ్ముడూ ఇవన్నీ" అన్నాడంటే ఇంకో కారు చూసుకోండి. పాపం చాలామందికి తమ కారు అడుగున ఏముందో తమకే తెలియదు, మోసం చేసే ఉద్దేశం ఉండక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ ఆల్ వీల్ డ్రైవ్‌లో ప్రత్యేకంగా ఏం చూడాలి?

నాలుగు టైర్లూ ఒకే బ్రాండ్, ఒకే అరుగుదలలో ఉన్నాయా అని. కొత్త టైరు, అరిగిన టైరు కలిపి నడిపితే చుట్టుకొలతలో తేడా వల్ల చక్రాలు వేర్వేరు వేగంతో తిరిగి ఆల్ వీల్ డ్రైవ్ భాగాలు వేడెక్కి పాడవుతాయి. సుబారు అయితే పావు అంగుళం కంటే తేడా ఉండకూడదంటుంది. దీనివల్లే ఒక టైరు పోతే నాలుగూ మార్చాల్సిన ఖర్చు కూడా మీద పడుతుంది.

## కొన్నాక, స్నో పడకముందు

ఆల్ సీజన్ టైర్లున్నాయి కదా, మళ్లీ వింటర్ టైర్లెందుకు?

పేరు ఆల్ సీజన్ గానీ, చలి ముదిరితే వాటి వల్ల కాదు. 45 ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్ కంటే కిందికి వెళ్తే ఆ రబ్బరు సీసాలో కొబ్బరినూనెలా బిగుసుకోవడం మొదలుపెడుతుంది, రోడ్డు పొడిగా ఉన్నా పట్టు తగ్గుతుంది. వింటర్ టైరు రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉంటుంది, దాని మీద సన్నటి గాట్లు స్నోని పట్టుకుంటాయి.

టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో స్నోఫ్లేక్ బొమ్మ ఉందేమో చూడండి. స్నోలో పరీక్షించి నెగ్గిన టైర్లకే అది ఇస్తారు. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు గాట్ల ఆకారాన్ని బట్టి కంపెనీ వేసుకునేవి, వాటిని లెక్కచేయకండి. బ్లిజాక్, ఎక్స్-ఐస్, హక్కపెలిట్ట బాగా నడిచే పేర్లు. చివరిది ఫిన్లాండ్ కంపెనీ నోకియన్‌ది, ప్రపంచంలో మొదటి వింటర్ టైరు 1934లో తయారుచేసింది వాళ్లే.

డబ్బు ఆదా అవుతుందని ముందు రెండే వేయించనా?

అస్సలు వద్దు. ముందు పట్టు, వెనక జారుడు అయితే మలుపులో బ్రేక్ వేయగానే కారు తోక తిరిగిపోతుంది. నాలుగూ వేయండి, లేదా నాలుగూ మానేయండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, తీసిన టైర్లు ఎక్కడ పెట్టుకోవాలి?

సీజన్‌కి ఇంతని తీసుకుని దాచిపెట్టే టైర్ షాపులున్నాయి, అడగండి. ఆ గొడవ వద్దనుకుంటే ఆల్ వెదర్ టైర్లు వేయించుకోండి, ఆల్ సీజన్ కాదు, ఆల్ వెదర్. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, టొయో సెల్సియస్ లాంటివి. కొండ, స్నోఫ్లేక్ బొమ్మ వీటికీ ఉంటుంది, ఏడాది పొడవునా తీయక్కర్లేదు. గట్టి ఐస్ మీద అసలు వింటర్ టైరుకి సాటిరావు గానీ, చికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ వాళ్లకి చాలామందికి ఇవే సరిపోతాయి.

కెనడాలో వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరా?

క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియాలో బోర్డులు పెట్టిన హైవేల మీద అక్టోబర్ 1 నుంచి కావాలి. ఒంటారియోలో చట్టం లేదు, కానీ వింటర్ టైర్లు వేసుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీ డిస్కౌంట్ ఇవ్వాలి, అడగకపోతే ఇవ్వకపోవచ్చు, కాబట్టి ఫోన్ చేసి అడగండి.

బ్యాటరీ బాగానే ఉంది, అయినా మార్చాలా?

మూడు నాలుగేళ్లు దాటిందంటే అక్టోబర్‌లో టెస్ట్ చేయించండి, ఆటో పార్ట్స్ షాపులు చాలావరకు ఉచితంగా చేస్తాయి. ఏఏఏ లెక్క ప్రకారం 32 ఫారెన్‌హీట్ దగ్గర బ్యాటరీ శక్తి 35 శాతం, సున్నా ఫారెన్‌హీట్ దగ్గర 60 శాతం తగ్గుతుంది, అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. కొత్తది కొంటే కోల్డ్ క్రాంకింగ్ యాంప్స్ (చలిలో ఇంజిన్ స్టార్ట్ చేసే బలం) ఎక్కువున్నది తీసుకోండి. మినెసోటా, నార్త్ డకోటా, మానిటోబా వాళ్లు ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ గురించి కూడా అడగండి, రాత్రి ప్లగ్‌లో పెట్టి పొద్దున్నే తీసేయడమే.

డిక్కీలో ఏం ఉండాలి?

స్నో బ్రష్, చిన్న పార, జంపర్ కేబుల్స్ లేదా జంప్ స్టార్టర్, దుప్పటి, గ్లవ్స్, టార్చ్, ఇంకో గ్యాలన్ వాషర్ ఫ్లూయిడ్. పెట్రోల్ సగం ట్యాంకు కంటే కిందికి రానివ్వకండి.

## స్నో పడ్డాక

బ్రేక్ నొక్కితే పెడల్ టకటకా కొడుతోంది, కారు పాడైందా?

పాడవలేదు, అది బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేసుకుంటోంది. కాలు తీయకుండా గట్టిగా నొక్కే ఉంచండి, స్టీరింగ్ ఎటు వెళ్లాలో అటు తిప్పండి. భయపడి వదిలి మళ్లీ నొక్కితే ఆగే దూరం పెరుగుతుంది. మొదటి స్నో పడిన రోజు సాయంత్రం ఖాళీ పార్కింగ్ లాట్‌లో కావాలనే ఒకసారి గట్టిగా బ్రేక్ వేసి చూడండి, టెన్షన్ సగం పోతుంది.

స్నోలో ఇరుక్కుపోతే హీటర్ వేసుకుని కూర్చోవచ్చా?

ముందు దిగి వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ స్నో తీసేయండి, ఆ తర్వాతే ఇంజిన్ ఆన్ చేయండి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. స్నో పడుతూనే ఉంటే మధ్యమధ్యలో దిగి మళ్లీ తీయాలి, కిటికీ కొంచెం దించి ఉంచాలి.

చలిలో కారు కడగడం వేస్ట్ కదా?

చలికాలంలోనే కడగాలి. అడుగు భాగం కడిగే ఆప్షన్ ఉన్న కార్ వాష్‌కి, ఎండ వచ్చి 32 ఫారెన్‌హీట్ దాటిన రోజు చూసుకుని వెళ్లండి, రెండు వారాలకోసారి చాలు. కారు ఐదారేళ్లు ఉంచుకునేవాళ్లు అక్టోబర్‌లో అడుగున తుప్పు పట్టకుండా నూనెలాంటి అండర్ కోటింగ్ కూడా కొట్టించుకోవచ్చు, ఏటా వేయించాలి.

అద్దం వరకు తుడిస్తే సరిపోదా, టాప్ మీద స్నో కూడా తీయాలా?

తీయాలి. బ్రేక్ వేసినప్పుడు ఆ స్నో మొత్తం మీ ముందు అద్దం మీదికే జారుతుంది, హైవే మీద అయితే గడ్డలుగా ఎగిరి వెనక కారుకి తగులుతుంది. న్యూజెర్సీలో అది చట్టం, తీయకపోతే ఫైన్ వేస్తారు. పొట్టిగా ఉండి పెద్ద ఎస్‌యూవీ కొన్నవాళ్లకి పొడుగు బ్రష్ తప్పదు.

వింటర్ టైర్లు ఎప్పుడు తీయించాలి?

పగటి ఉష్ణోగ్రత వరుసగా 45 ఫారెన్‌హీట్ దాటుతున్నప్పుడు. మిషిగన్, మినెసోటాలో ఏప్రిల్‌లో కూడా స్నో పడుతుంది కాబట్టి ఆ నెల మధ్యదాకా ఆగండి. వేడి రోడ్డు మీద అవి గబగబా అరుగుతాయి, మే దాకా మాత్రం లాగకండి. తీసేటప్పుడు ఏ టైరు ఏ మూలదో చాక్‌పీస్‌తో రాయించండి, లేకపోతే నవంబర్‌లో షాప్ వాడికీ తెలియదు, మీకూ తెలియదు.